తెగని తీగ

టెన్నిస్ ఆటను చూచేవారి దృష్టి మొదట బంతి మీద నిలుస్తుంది. ఆ తరువాత ఆటగాని కాళ్ళ మీద, చేతి మీద నిలుస్తుంది. రాకెట్ వైపు చూచినవారు కూడా దాని చట్రం రంగునూ, దాని మీద వ్రాసిన కంపెనీ పేరునూ చూస్తారు. కాని బంతిని నిజంగా తాకేది చట్రమూ కాదు, చేయీ కాదు. చట్రం నడుమ జల్లెడవలె అల్లిన తీగ. రెండు గంటలపాటు సాగిన ఆటలో ఆ తీగ బంతిని తాకిన కాలమంతా కూడితే కొద్ది సెకన్లకు మించదు. ఆ కొద్ది సెకన్ల విషయంలో మేము చేసిన ఒక పొరపాటునూ, దానికి మా విద్యార్థి ఒకడు చెల్లించిన మూల్యాన్నీ విద్యార్థి సోదర సోదరీమణులకూ, కళాశాల నిర్వాహక సంఘ సభ్యులకూ నివేదించుకొనటానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మేము ఈ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాము. టెన్నిస్ జట్టు బాధ్యత కూడా కొన్ని సంవత్సరాలుగా మా మీదనే ఉన్నది. ఆ బాధ్యత మాకు ఆట వచ్చినందువలన దక్కినది కాదు. సాయంకాలం ఐదు గంటలకు ప్రయోగశాలకు తాళం వేసి ఇంటికి పోయే దారిలో టెన్నిస్ కోర్టు ఉండటమే మా అర్హత. కోర్టు ఒక్కటే, అదీ సిమెంటు కోర్టు. ఉత్తరపు మూలన నేలలో ఒక చీలిక ఉన్నది. బంతి దాని మీద పడితే ఎటు పోతుందో పడినవానికీ తెలియదు, కొట్టినవానికీ తెలియదు. ఆరుగురు ఆటగాళ్ళు, ఆరు రాకెట్లు, ఒక వల, డబ్బాలకొద్దీ వెలిసిపోయిన బంతులు. ఇంతే మా సంపద. అయినా 2015లో మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలసి వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన నాటి నుంచి ఆ కోర్టు ఏ సాయంకాలమూ ఖాళీగా ఉన్నది లేదు.

మా కష్టమంతా తీగలతోనే. రాకెట్‌కు తీగ వేయించటాన్ని మన వైపు ఆటగాళ్ళందరూ ‘గట్టింగ్’ అంటారు. పూర్వం తీగలను పశువుల ప్రేగుతో చేసేవారు గనుక, ‘గట్’ అన్న ఆ మాట నైలాను వచ్చిన తరువాత కూడా నిలిచిపోయింది. మా పట్టణంలో టెన్నిస్ రాకెట్‌కు గట్టింగ్ చేసేవారు లేరు. తీగ తెగితే రాకెట్‌ను సంచిలో పెట్టి, ఎవరో ఒకరు హైదరాబాదు బస్సు ఎక్కాలి. ఒక రోజు పోవటానికీ రావటానికీ సరిపోతుంది. బస్సు ఖర్చు తీగ ఖర్చుతో పోటీ పడుతుంది. అందుచేత తీగ తెగటం మా జట్టులో ఒక అశుభవార్త. తెంపినవాడు నేరం చేసినవానివలె తల వంచుకొని మా వద్దకు వచ్చేవాడు.

నగరంలో మాకు గట్టింగ్ చేసి ఇచ్చే పెద్దాయన ఒక క్రీడాసామగ్రి దుకాణం వెనుక గదిలో కూర్చుంటారు. ఆయనను అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. మేమూ అలాగే పిలుస్తాము. బాల్యంలో తండ్రి ప్రక్కన కూర్చుండి కొయ్య రాకెట్లకు ప్రేగు తీగ బిగించటం నేర్చుకొన్నారట. వానాకాలంలో ఆ తీగ తేమ పీల్చి ఉబ్బి, పోగులు లేచి, రెండు రోజులలో పాడైపోయేదని చెబుతారు. తూకం కడ్డీ వంటి చేయి గల యంత్రం ఒకటి ఆయన ముందు ఉంటుంది. ఆ కడ్డీ మీద బరువును ముందుకో వెనుకకో జరిపి, ఎన్ని పౌండ్ల బిగువు కావాలో నిర్ణయిస్తారు. ఒక్కొక్క రాకెట్‌కు సుమారు పన్నెండు మీటర్ల తీగ పడుతుంది. మొదట మధ్య నుంచి మొదలుపెట్టి నిలువు తీగలు లాగుతారు. తరువాత అడ్డ తీగలను ఒకదాని మీదుగా, ఒకదాని క్రిందుగా అల్లుతారు. నేత తెలిసినవారికి ఒక్క మాట చాలు: నిలువు తీగలు పడుగు, అడ్డ తీగలు పేక. మా రాకెట్లలో పడుగు పదహారు పోగులు, పేక పంతొమ్మిది.

పని ముగిసిన తరువాత ఆయన రాకెట్‌ను చెవి దగ్గర పెట్టుకొని, అరచేతి మడమతో తీగల మీద ఒక్కసారి తట్టి వింటారు. మొదటిసారి చూచినప్పుడు అది వృద్ధుల అలవాటు అనుకొన్నాము. ఏమి వింటున్నారని అడిగాము. “తాంత్ బోల్తీ సాబ్, సున్నా ఆనా” అన్నారు. తీగ మాట్లాడుతుంది, వినటం రావాలని దాని భావం. ఉర్దూలో తాంత్ అన్నా, తెలుగులో తంతి అన్నా మాట ఒక్కటే. రెండూ సాగదీయటమనే అర్థం గల సంస్కృత ధాతువు నుంచి పుట్టినవి. సారంగీ వాయించేవారు ఇప్పటికీ ప్రేగు తీగనే మీటుతారు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో 1875లో మొదటిసారి టెన్నిస్ తీగను చేసిన బాబోలా కుటుంబం కూడా అంతకుముందు సంగీత వాద్యాలకు గొర్రె ప్రేగుతో తీగలు చేసినదే. టెన్నిస్ తీగ పుట్టుకతోనే వాద్యపు తీగ. ఈ సంగతి మాకు అప్పుడే తలకెక్కి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చేది కాదు.

తీగ చేసే పని ఏమిటో ఇక్కడ కొంత వివరించాలి. మా విద్యార్థులలో నూటికి తొంబైమందికి ఉన్న నమ్మకం ఏమంటే, తీగ ఎంత బిగువుగా ఉంటే బంతి అంత వేగంగా పోతుందని. డోలు చర్మాన్ని బిగిస్తే ధ్వని ఖంగుమంటుంది గనుక బంతి కూడా అలాగే పోతుందని ఊహ. ఇది తలక్రిందుల ఊహ. నియమాల ప్రకారం సాధారణ టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి జారవిడిస్తే, అది 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకే ఎగరాలి. అంటే నేలకు తాకి నలిగినప్పుడు, తన శక్తిలో సగానికి కొంచెం తక్కువ భాగాన్ని బంతి తనలోనే పోగొట్టుకొంటుంది. తీగ అటువంటిది కాదు. అది లోపలికి వంగి తీసుకొన్న శక్తిలో తొంబై పాళ్ళకు పైగా తిరిగి ఇచ్చివేస్తుంది. కావున నలిగే పని బంతికి కాక తీగకు అప్పగించినంతవరకు మనకు లాభం. తీగ కొంచెం వదులుగా ఉంటే తాను ఎక్కువ వంగి, బంతిని తక్కువ నలిపి, దానిని కొంత పైకెత్తి దూరంగా పంపుతుంది. తీగ బిగువుగా ఉంటే బంతి ఎక్కువ నలిగి, దగ్గరగా పడుతుంది. కొట్టిన బంతి గీత దాటి పోకుండా అదుపులో ఉండాలనే బలమైన ఆటగాళ్ళు బిగువు పెంచుకొంటారు. కొయ్య రాకెట్ల కాలంలో స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్ సుమారు 80 పౌండ్ల బిగువుతో ఆడేవాడని ప్రసిద్ధి. అది అదుపు కోసమే కాని వేగం కోసం కాదు.

బంతి తీగ మీద ఉండే కాలం సెకనులో వెయ్యింట ఐదు వంతులు మాత్రమే. అంత తక్కువ కాలంలో బంతి ఆగి, దిక్కు మార్చుకొని, వెనుకకు పోవాలి. క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులను వెనుకకు ఎందుకు లాగుకొంటాడని మేము ఏటా మొదటి సంవత్సరం తరగతిలో అడుగుతాము. ఆగే కాలం పెరిగితే చేతి మీద పడే బలం తగ్గుతుందని ఏటా మేమే సమాధానం చెబుతాము. మెత్తని తీగ చేసేది ఆ పనే. తాను వెనుకకు వంగి, బంతి ఆగే కాలాన్ని ఆ కొంచెమైనా పెంచి, మోచేతికి చేరే దెబ్బను తగ్గిస్తుంది. ఈ పాఠాన్ని ఇన్ని సంవత్సరాలు నల్లబల్ల మీద వ్రాసిన మేము, కోర్టులోకి వచ్చేసరికి దానిని మరచిపోయాము.

మరచిపోవటానికి కారణం ఖాతా పుస్తకం. మా జట్టులో బి.కాం. చదివే విద్యార్థి ఒకడు ఉండేవాడు. తన పేరు వ్రాయవద్దని అతడే కోరినందువలన వ్రాయటం లేదు. అతని తండ్రి కుట్టుపని చేస్తారు. ఎడమచేతి వాటం, దెబ్బలో బలం ఎక్కువ. అతని చేతిలో నైలాను తీగ మూడు వారాలు నిలవటం గగనం. ఒక సంవత్సరం మొదటి రెండు నెలలలోనే మూడు తీగలు తెంపాడు. మూడవసారి అతడు తెగిన రాకెట్‌తో మా గది ముందు నిలబడినప్పుడు, “నెలకు రెండు తీగలు తెంపితే కళాశాల ఎక్కడి నుంచి తెస్తుంది నాయనా?” అన్నాము. పరిహాసంగానే అన్నాము. అతడూ నవ్వాడు. ఆ మాట మేము ఆ సాయంకాలమే మరచిపోయాము.

అదే కాలంలో పాలియెస్టర్ తీగ మాట మా చెవిని పడింది. అది తెగదని అందరూ చెప్పారు. 1997లో ప్రపంచంలో అరవై ఆరవ స్థానంలో ఉన్న బ్రెజిల్ యువకుడు గుస్తావో కుయెర్తెన్ అటువంటి తీగతోనే ఫ్రెంచి ఓపెన్ గెలిచాడు. ఆ తరువాత వచ్చిన మేటి ఆటగాళ్ళలో ఎక్కువమంది పూర్తిగానో, సగమో ఆ తీగనే వాడుతూ వచ్చారు. ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి? ఆరు రాకెట్లనూ సంచిలో కట్టుకొని మేమే స్వయంగా హైదరాబాదు వెళ్ళాము. అన్నిటికీ పాలియెస్టర్ వేయమనీ, వదులు కాకుండా 58 పౌండ్లు బిగించమనీ చెప్పాము. బిగువుగా ఉంటే ఎక్కువ కాలం వస్తుందని మా లెక్క.

ఉస్తాద్ తీగ చుట్టను చేతిలోకి తీసుకొని, వ్రేళ్ళ మధ్య వంచి చూచారు. “ఆడేది పిల్లలు కదా సాబ్, నైలానే వేద్దాము. ఇదే కావాలంటే బిగువైనా తగ్గిద్దాము” అన్నారు. మేము సమ్మతించలేదు. అప్పుడు ఆయన అన్న మాట ఇది: “యే తార్ టూట్తా నై సాబ్. యెహీచ్ ఇస్కా ఐబ్.” ఈ తీగ తెగదు, ఇదే దీని ఐబు అన్నమాట. తెగకపోవటం కూడా ఒక ఐబేనా అని మేము నవ్వి, ఆయన పని కానిచ్చేవరకు బల్ల మీద కూర్చుండి పత్రిక చదువుకొన్నాము.

మొదటి మూడు వారాలు మా నవ్వే న్యాయమనిపించింది. మా ఎడమచేతి విద్యార్థి కొట్టిన బంతులు వల మీదుగా ఎత్తుగా పోయి, గీత దాటిపోతాయనుకొనే సమయానికి గిరుక్కున లోపలికి దిగేవి. దీనికి కారణం ఉన్నది. పాలియెస్టర్ తీగ నున్నగా, బిరుసుగా ఉంటుంది. రాకెట్ బంతిని క్రింది నుంచి పైకి రాచినప్పుడు పడుగు తీగలు పేక మీద ప్రక్కకు జారి, బంతి విడిపోయే లోపల తిరిగి తమ చోటికి ఎగిరి వస్తాయి. వస్తూ వస్తూ బంతిని అదనంగా తిప్పుతాయి. ఈ రహస్యం లోకానికి మొదట బయటపడింది 1977లో. పడుగును పేకతో అల్లకుండా, దానికి రెండు ప్రక్కలా జారేటట్లు అమర్చిన వింత రాకెట్లు ఆ సంవత్సరం పోటీలలోకి వచ్చినవి. వాటిని స్పఘెట్టీ రాకెట్లు అన్నారు. మట్టి కోర్టుల మీద నెలల తరబడి ఓటమి ఎరుగని అర్జెంటీనా ఆటగాడు గిల్లెర్మో విలాస్, ఆ అక్టోబరులో ఫ్రాన్సులో ఇలీ నస్తాసే చేతిలోని అటువంటి రాకెట్ ముందు రెండు సెట్లు ఓడి, ఆట విరమించి వెళ్ళిపోయాడు. అంతర్జాతీయ సమాఖ్య వాటిని నిషేధించి, తీగలు ఒకదానితో ఒకటి అల్లి ఉండాలని 1978లో నియమం చేసింది. ఈ కథను మేము మా జట్టుకు ఉత్సాహంగా చెప్పాము. విన్నవారందరూ తమ రాకెట్లను గౌరవంగా చూచుకొన్నారు. ఆ రోజులలోనే జట్టులో హార్మోనియం వాయించే విద్యార్థి ఒకడు ఎడమచేతివాని రాకెట్‌ను తట్టి, దాని ధ్వని కళాశాల హార్మోనియంలో ఏ మెట్టుకు సరిపోతుందో చూచి, వినోదానికి ఆ మెట్టు మీద పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాడు.

నెల గడిచింది; రెండు నెలలు గడిచినవి. ఒక్క తీగ తెగలేదు. హైదరాబాదు ప్రయాణం ఒక్కటీ లేదు. ఖాతా పుస్తకంలో ఆ పుట తెల్లగా ఉన్నది. మేము దానిని చూచి సంతోషించాము. కోర్టులో జరుగుతున్నది మాత్రం మా కంటికి సరిగా ఆనలేదు. బంతులు మునుపటివలె లోపలికి దిగటం మానినవి. ఒకటి వలలో పడితే, అదే విధంగా కొట్టిన మరొకటి గీతకు రెండడుగుల అవతల పడేది. ఎడమచేతి విద్యార్థి మరింత బలంగా కొట్టసాగాడు. పాయింటుకూ పాయింటుకూ మధ్య మోచేతిని కుడి చేతితో నొక్కుకొనటం చూచాము. చెమట తుడుచుకొంటున్నాడనుకొన్నాము.

అంతర్ కళాశాలల పోటీలలో సెమీఫైనలు రోజున అతడు మొదటి సెట్ గెలిచి, రెండవ సెట్‌లో నాలుగవ గేమ్‌లో సర్వీసుకు చేయి ఎత్తి, బంతిని ఎగురవేసి, దానిని కొట్టకుండానే రాకెట్ జారవిడిచాడు. వంగి తీసుకోబోతే వ్రేళ్ళు పట్టుకోలేదు. అంపైర్ వద్దకు నడిచి వెళ్ళి, ఆడలేనని చెప్పి, మా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే కుడి చేతితో అందుకొన్నాడు. నొప్పి ఎన్నాళ్ళ నుంచి అని అడిగాము. ఐదారు వారాలన్నాడు. మరి తీగ మార్చమని ఎందుకు అడగలేదని కొంచెం కోపంగానే అడిగాము.

“తీగ తెగలేదు కదా సార్! తెగకుండా ఎలా అడగను?” అన్నాడు.

మేము రెండు నెలల క్రితం గది ముందు నవ్వుతూ అన్న మాట మాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అతడు దానిని ఒక్క రోజు కూడా మరచిపోలేదు.

వైద్యులు దానిని టెన్నిస్ ఎల్బో అన్నారు. మోచేతి వెలుపలి ఎముకను పట్టుకొని ఉండే కండర మూలం మళ్ళీ మళ్ళీ లాగబడి దెబ్బతినటం దాని స్వభావం. దానికి తీగ ఒక్కటే కారణమని చెప్పటం న్యాయం కాదు. అతడు బ్యాక్‌హ్యాండును మణికట్టుతో ఆడే అలవాటు, గాలిపోయి బరువెక్కిన మా పాత బంతులు, సిమెంటు నేల, అన్నీ కలసినవి. కాని మిగిలిన వాటిలో కొన్ని మా చేతిలో లేనివి. తీగ మాత్రం మేము ఎన్నుకొన్నది. నెలల తరబడి విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెప్పారు. అతనికి అది చివరి సంవత్సరం. విశ్వవిద్యాలయ జట్టు ఎంపికల రోజున అతడు గ్యాలరీలో కూర్చుండి చూచాడు.

ఆ వారంలో ఒక సాయంకాలం హార్మోనియం విద్యార్థిని పిలిచి, అతని రాకెట్‌ను మళ్ళీ తట్టి చూడమన్నాము. పెన్సిలు గుర్తు ఉన్న మెట్టుతో ధ్వని కలవలేదు. నలుపూ తెలుపూ కలిపి లెక్కిస్తే, సరిగా రెండు మెట్ల క్రింద కలిసింది. తక్కిన లెక్క మా శాస్త్రానిదే. తీగ ధ్వనిలోని పౌనఃపున్యం బిగువు యొక్క వర్గమూలాన్ని అనుసరించి ఉంటుంది. పన్నెండు మెట్లు ఎక్కితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. ఈ రెండిటినీ కలిపితే, రెండు మెట్లు దిగటమంటే బిగువులో సుమారు ఐదవ వంతు పోవటం. 58 పౌండ్లలో దాదాపు 12 పౌండ్లు ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయినవి. ఉస్తాద్ చెవితో వినేదే మేము ఒక కాగితం మీద లెక్క వేసి తెలుసుకొన్నాము.

బిగువు తగ్గితే తీగ మెత్తబడాలి కదా, చేతికి మేలే కదా అని ఇక్కడ ఒక సందేహం రావచ్చు. బిగువు తగ్గటం వేరు, తీగ జీవం కలిగి ఉండటం వేరు. నైలాను సన్నని పోగుల తీగ పాతబడినా సాగి, తిరిగి వస్తుంది. పనికిరాని రోజున తెగిపోయి, తన సంగతి తానే చెబుతుంది. పాలియెస్టర్ బిగువు కోల్పోయిన తరువాత కూడా బిరుసుగానే ఉంటుంది. తీగలు ఒరుసుకొన్న చోట గాట్లు పడి, జారినవి తిరిగి చోటికి రావటం మానివేస్తాయి. అప్పుడు బంతికి మెలిక రాదు, అదుపు ఉండదు. ఆటగాడు ఆ లోటును తన భుజంతో, మోచేతితో పూడ్చబోతాడు. పైకి చూస్తే మాత్రం రాకెట్ నిండుగా, చెక్కు చెదరకుండా కనిపిస్తుంది. మేటి ఆటగాళ్ళు ఈ తీగను వాడుతారు, నిజమే. కాని వారు ప్రతి ఆటకూ అప్పుడే గట్టింగ్ చేసిన రాకెట్లతో కోర్టులోకి వస్తారు. అది చావకముందే కోసివేస్తారు. మేము వారి తీగను మాత్రం అనుకరించాము. వారు కోసిపారవేసేదానిని మేము రెండు నెలలకు పైగా కాపాడుకొన్నాము.

మేము మళ్ళీ ఉస్తాద్ వద్దకు వెళ్ళాము. జరిగినదంతా చెప్పాము. నేను ముందే చెప్పాను కదా అని ఆయన అనలేదు. కత్తెర తీసుకొని, మధ్య నుంచి మొదలుపెట్టి పాత తీగలన్నీ కోసివేశారు. తెగని తీగలు తెగుతుంటే చేసే చప్పుడు మేము అప్పుడే విన్నాము. తరువాత అన్నిటికీ అనేక పోగులు కలిపి చేసిన మెత్తని నైలాను తీగను 50 పౌండ్ల బిగువుతో వేశారు. “అబ్బాయి చేయి ఎలా ఉన్నది?” అని ఒక్కటే అడిగారు. తరువాత ఎడమచేతివాని రాకెట్‌ను తట్టి, ఈసారి దానిని మా చెవికి ఆనించారు.

ఆ విద్యార్థి ఇప్పుడు డిగ్రీ ముగించుకొని ఒక దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నాడు. మరుసటి సంవత్సరం వేసవిలో తిరిగి రాకెట్ పట్టాడు; ఆదివారాలు వచ్చి చిన్నవారితో ఆడుతాడు. సర్వీసు మునుపటి బలంతో వేయడు, వేయవద్దని మేమూ అన్నాము. వచ్చిన మొదటి ఆదివారమే ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం తెచ్చి, ప్రతి రాకెట్‌కూ ఒక పుట కేటాయించి, తీగ వేసిన తేదీ, తీగ రకం, పౌండ్లు, హార్మోనియం మెట్టు అని నాలుగు గీతలు గీశాడు. బి.కాం. చదివినవాడు గదా! ఆ పుస్తకం ఇప్పుడు మా బల్ల సొరుగులో ఉన్నది. ధ్వని ఒకటిన్నర మెట్టు దిగితే, తీగ తెగినా తెగకపోయినా, ఆ రాకెట్ హైదరాబాదు వెళ్ళుతుంది.

నిర్వాహక సంఘ సభ్యులకు మా మనవి రెండు విషయాలు. ఆటగాళ్ళలో ఒక వాడుక లెక్క ఉన్నది: వారానికి ఎన్ని రోజులు ఆడితే సంవత్సరానికి అన్నిసార్లు తీగ మార్చాలని. మన పిల్లలు వారానికి ఐదు రోజులు ఆడుతారు. ఆ లెక్కన ఆరు రాకెట్లకు సంవత్సరానికి ముప్పై గట్టింగులు. తెగితే ఇచ్చే సొమ్ముగా కాక, ఏటా ఇవ్వవలసిన సొమ్ముగా దీనిని క్రీడల పద్దులో చేర్చవలసినదిగా కోరుతున్నాము. రెండవది, బరువు కడ్డీతో పనిచేసే చేతి యంత్రం ఒకటి కొని ఇస్తే, ఉస్తాద్ వచ్చి ఒక వారం రోజులు మన విద్యార్థులకు ఆ విద్య నేర్పటానికి అంగీకరించారు. బస్సు ఖర్చు మిగులుతుంది. ఆయన చెవిలోని విద్య కూడా మనకు కొంత మిగులుతుంది.

విద్యార్థులతో చెప్పవలసినది ఒక్కటే. మీ రాకెట్ గాని, మరొకటి గాని పాడైనదని తెలిసినప్పుడు అది తెగేవరకు ఆగకండి. మా గది తలుపు తట్టి చెప్పండి. ఆ రోజున మేము అన్న మాట వంటిది మళ్ళీ అంటే, ఈ వ్యాసాన్ని మా ముందు పెట్టండి.